దయ గుమ్మం వరకే

*సొంత పిల్లలతో పాటు దత్తబిడ్డనూ పెంచుతున్న తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఏం జరుగుతోంది? చట్టం ఇచ్చిన హక్కు వంటింటి దాకా, సంఘం దాకా చేరిందా?*

డిసెంబరు మొదటి వారం. గుంటూరులో ఒక మేడ మీది వాటా. గుమ్మానికి ఎర్ర కాగితపు నక్షత్రం వేలాడుతోంది. లోపల టెంట్‌హౌస్ కుర్చీలు, అవి చాలక పరిచిన జంపఖానా. చిన్నమ్మాయి పుట్టినరోజుకి కృతజ్ఞత కూడిక. అయ్యగారి ప్రార్థన ముగిసింది, కేకు కోశారు, వంటింట్లోంచి బిర్యానీ పళ్లేలు వస్తున్నాయి. పదకొండేళ్ల అక్క మంచినీళ్లు అందిస్తుంటే ఆరేళ్ల చెల్లెలు పేపర్ న్యాప్‌కిన్లు పట్టుకుని ఆమె వెనకే తిరుగుతోంది. సంఘంలో కొత్తగా చేరిన ఒక పెద్దావిడ తల్లిని పక్కకు పిలిచి, గొంతు తగ్గించాననుకుంటూనే అందరికీ వినబడేలా అడుగుతుంది: "ఇద్దర్లో నీ కడుపున పుట్టిందెవరమ్మా?" తల్లి "ఇద్దరూ మా పిల్లలేనండీ" అంటుంది. "అది సరేలే, తెచ్చుకున్నది చిన్నదేగా? పోలికల్లోనే తెలుస్తోంది. ఎంత మంచి మనసమ్మా మీది! ఆ పిల్ల అదృష్టం. దేవుడు మిమ్మల్ని తప్పక దీవిస్తాడు." న్యాప్‌కిన్లు పట్టుకున్న పిల్ల అక్కడే ఆగిపోతుంది.

ఊరు మారొచ్చు, పండగ మారొచ్చు. సొంత పిల్లలుండి కూడా మరో బిడ్డను దత్తత తీసుకున్న కుటుంబాలకు ఈ సంభాషణ కొత్త కాదు. ఆ పెద్దావిడ మనసులో చెడు లేదు. ఆమె నిజంగానే మెచ్చుకుంది. చిక్కంతా ఆ మెప్పులోనే ఉంది. ఒక పిల్ల పుట్టడం సహజం, ఇంకో పిల్ల రావడం ఉపకారం అనే లెక్క అందులో దాగి ఉంది. ఉపకారం పొందినవాళ్లు రుణపడి ఉంటారు. కూతుళ్లకు ఆ రుణం ఉండదు. బిడ్డను ఇంటికి తీసుకొచ్చింది కనికరమే కావచ్చు, కానీ అది గుమ్మం దగ్గరే ఆగాలి. లోపల ఆ బిడ్డకు కావలసింది కూతురి హక్కు. అలగడానికి, ఎదురు చెప్పడానికి, లెక్కల్లో తప్పడానికి, ఆస్తిలో వాటా అడగడానికి, చివరికి కృతజ్ఞత చూపకుండా ఉండడానికి కూడా. సొంత పిల్లలున్న ఇంట్లో ఈ పరీక్ష మరింత కఠినంగా ఉంటుంది. పోల్చి చూసుకోవడానికి తోబుట్టువు పక్క మంచం మీదే పడుకుని ఉంటుంది కదా.

వార్తల్లో వినిపించేది సగమే

దత్తత మాట ఈమధ్య ఇళ్లలో ఎక్కువగా వినబడుతోందంటే అందుకు కారణం నేర వార్తలే. 2024 మేలో రాచకొండ పోలీసులు హైదరాబాద్ శివారులో పసిపిల్లలను అమ్ముతున్న ముఠాను పట్టుకున్నారు. ఢిల్లీ, పుణెల నుంచి తెచ్చిన శిశువులను పిల్లల్లేని దంపతులకు లక్షల రూపాయలకు అమ్మారన్నది అభియోగం. పిల్లలను శిశు సంరక్షణ కేంద్రానికి తరలించారు. అప్పటికే నెలల తరబడి పెంచుకున్నవాళ్లు గుండెలు బాదుకున్నారు, కోర్టులకెక్కారు, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అంత డబ్బు పోసి ఎందుకు కొన్నారు, చట్టం ప్రకారం వెళ్తే ఏళ్లు ఎందుకు పడుతుంది అని ప్రతి ఇంట్లో చర్చ జరిగింది. ఆ ప్రశ్నలు న్యాయమైనవే. కేంద్ర దత్తత వనరుల సంస్థ 'కారా' లెక్కల్లో 2024-25లో దేశం మొత్తం మీద జరిగిన చట్టబద్ధ దత్తతలు 4,515. వరుసలో పేరు నమోదు చేసుకుని ఎదురు చూస్తున్న దంపతులు 30 వేలకు పైమాటే. ఆ అంతరంలోంచే దళారులు పుట్టుకొస్తున్నారు.

కానీ ఈ చర్చ అంతా బిడ్డ గుమ్మం దాటి లోపలికి వచ్చేదాకానే. వచ్చాక అన్నం దగ్గర, మంచం దగ్గర, బడి ఫారం దగ్గర, ఆదివారం ఆరాధనలో ఏం జరుగుతుందో ఎవరూ అడగరు. క్రైస్తవ కుటుంబాల విషయంలో ఈ మౌనానికి పాత చరిత్ర ఉంది.

ఆశ్రమం తెలుసు, దత్తత తెలియదు

తెలుగు నేల మీద క్రైస్తవ సంఘాలకు తల్లీతండ్రీ లేని బిడ్డ కొత్త కాదు. 1876-78 నాటి మహాకరవులో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయినప్పుడు మిషన్లు గంజికేంద్రాలతో పాటు అనాథ పిల్లలకు ఆశ్రయాలూ నడిపాయి. తరవాత వచ్చిన బోర్డింగు బడులు, హాస్టళ్లు మూడు నాలుగు తరాల దళిత కుటుంబాలకు చదువు మెట్లయ్యాయి. కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎందరో ఉపాధ్యాయులు, నర్సులు, గుమాస్తాలు ఆ హాస్టళ్ల అన్నం తిని ఎదిగినవాళ్లే. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం.

అయితే ఆ పద్ధతితో పాటు ఒక అలవాటు కూడా వచ్చింది. విదేశంలో ఉన్న దాతకు పిల్లవాడి ఫొటో పంపడం, క్రిస్మస్‌కు ముందు "మీ దయవల్ల చదువుకుంటున్నాను" అని వాడిచేత ఉత్తరం రాయించడం. అనాథ బిడ్డ అంటే కృతజ్ఞత చెప్పవలసిన బిడ్డ అన్న భావం సంఘం ఊపిరిలో కలిసిపోయింది. ఆశ్రమంలో అది ఒక మర్యాద. ఇంట్లో అదే భావం ప్రవేశిస్తే పిల్లకు ఊపిరాడదు. దాత ఉత్తరం ఏడాదికొకసారి రాస్తే సరిపోతుంది. ఇంట్లో ఉన్న బిడ్డ మాత్రం ప్రతి పూటా తన ప్రవర్తనతోనే ఆ ఉత్తరం రాస్తూ ఉండాలి. మంచి మార్కులు, వాక్యాలు కంఠతా, అతిథుల ముందు నవ్వు. అక్కకు మార్కులు తగ్గితే చదువు గురించి మందలింపు ఉంటుంది. చెల్లెలికి తగ్గితే "ఇంత చేసినా" అనే మాట కలుస్తుంది. ఆ రెండు పదాలు చాలు ఇంట్లో ఇద్దరి స్థానం వేరని తేల్చి చెప్పడానికి.

దీనికి బైబిలే సమాధానం చెబుతుంది. పౌలు రోమా విశ్వాసులకు దత్తత గురించి రాసినప్పుడు దానికి ముడిపెట్టింది దయాభిక్షను కాదు, వారసత్వాన్ని. ఆనాటి రోమా చట్టంలో దత్తుడు పూర్తి వారసుడు. క్రిస్మస్ కథలో ప్రజాసంఖ్య రాయించిన కైసరు ఔగుస్తు కూడా జూలియస్ సీజర్ వీలునామాతో దత్తుడై ఆయన పేరు, ఆస్తి అందుకున్నవాడే. అంతకన్నా దగ్గరి ఉదాహరణ నజరేతులోనే ఉంది. మత్తయి సువార్త యేసును దావీదు వంశంలో చూపించేది యోసేపు మీదుగానే, ఆయనకు పుట్టలేదని చెబుతూనే. ప్రొటెస్టెంట్ల అవగాహనలో యేసు సోదరులు యాకోబు, యూదా మొదలైనవాళ్లు మరియ యోసేపులకు తరవాత పుట్టిన పిల్లలు. అంటే తాను కన్న పిల్లలనూ కననివాడినీ ఒకే ఇంట్లో పెంచిన వడ్రంగి ఇల్లు అది. సువార్తల్లో ఎక్కడా యోసేపు గొప్ప ఉపకారం చేశాడన్న ప్రశంస కనబడదు. ఊళ్లోవాళ్లు యేసును "వడ్రంగి కొడుకు"గానే ఎరుగుదురు.

కూతురికి "గార్డియన్" ఉన్న రోజులు

గ్రంథంలో వారసత్వం ఉన్నా దేశ చట్టంలో అది చాలాకాలం లేదు. 1956 హిందూ దత్తత, మనోవర్తి చట్టం హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కులకే వర్తిస్తుంది. క్రైస్తవులకు మిగిలింది 1890 నాటి సంరక్షకుల చట్టం. దాని కింద బిడ్డను పెంచుకోవచ్చు, తల్లిదండ్రులు కాలేరు. కోర్టు ఇచ్చేది సంరక్షణ, అది కూడా బిడ్డ మేజరయ్యేదాకానే. ఒకే ఇంట్లో ఒకే బడికి వెళ్లే ఇద్దరు పిల్లల్లో ఒకరి దరఖాస్తులో తండ్రి పేరు, ఇంకొకరి దరఖాస్తులో అదే మనిషి పేరు "గార్డియన్" అన్న గడిలో. వీలునామా రాయకుండా తండ్రి పోతే ఆ రెండో బిడ్డకు చట్టం దృష్టిలో ఆ ఇంటితో సంబంధం లేదు. అందరికీ ఒకే దత్తత చట్టం తెద్దామని 1972లో పార్లమెంటులో బిల్లు పెట్టారు, వ్యతిరేకత వల్ల వెనక్కి పోయింది. 1980లో మళ్లీ తెచ్చిన బిల్లుదీ అదే గతి.

ఆ తలుపును మొదట నెట్టింది కోర్టులు. క్రైస్తవ దంపతులు దత్తత చేసుకున్న కొడుకుకు ఆస్తిలో వాటా ఉంటుందని 1999లో కేరళ హైకోర్టు ఫిలిప్స్ ఆల్ఫ్రెడ్ మాల్విన్ కేసులో తీర్పిచ్చింది. ఆ తరవాత బాలల న్యాయ చట్టం మతంతో పని లేకుండా అందరికీ దారి తెరిచింది. ఇప్పుడు అమల్లో ఉన్న 2015 చట్టంలోని 63వ సెక్షన్ ఈ కథనానికి గుండెకాయ లాంటిది. దత్తత ఉత్తర్వు అమల్లోకి వచ్చిన రోజు నుంచి ఆ బిడ్డ ఆ దంపతులకు పుట్టినట్టే. అన్ని విషయాల్లోనూ, వీలునామా లేకుండా ఆస్తి పంచుకునే సందర్భంలోనూ. ఆ లెక్క క్రైస్తవ కుటుంబంలో ఎలా ఉంటుందో 1925 నాటి భారత వారసత్వ చట్టం చెబుతుంది. వీలునామా లేకుండా భర్త పోతే మూడో వంతు భార్యకు, మిగతా రెండు వంతులు పిల్లలందరికీ సమానంగా. కొడుకు, కూతురు, కన్నబిడ్డ, దత్తబిడ్డ అనే తేడా ఆ వాటాల్లో లేదు.

> ■ ఏ ఏడాది ఏం మారింది?
>
> 1890: సంరక్షకుల చట్టం. బిడ్డను పెంచే అధికారం ఉంది, తల్లిదండ్రుల హోదా లేదు.
>
> 1956: హిందూ దత్తత చట్టం. క్రైస్తవులు, ముస్లింలు, పార్సీలు, యూదులు దీని వెలుపలే.
>
> 1984: లక్ష్మీకాంత్ పాండే కేసు. విదేశీ దత్తతలకు సుప్రీంకోర్టు మార్గదర్శకాలు.
>
> 2000, 2006: బాలల న్యాయ చట్టం, దానికి సవరణ. దత్తబిడ్డకు పూర్తి సంతాన హోదా.
>
> 2014: షబ్నం హష్మీ కేసు. ఏ మతస్తులైనా ఈ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని సుప్రీంకోర్టు స్పష్టీకరణ.
>
> 2022: 2021 సవరణ అమల్లోకి. దత్తత ఉత్తర్వు ఇచ్చే అధికారం కోర్టుల నుంచి జిల్లా కలెక్టర్లకు.

తెలుగు నాట ఇక్కడ ఒక మెలిక ఉంది. బయటికి ఎవరూ మాట్లాడరు గానీ చాలా కుటుంబాలకు తెలిసిన సంగతే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులకు ఎస్సీ హోదా పోతుంది. మన రెండు రాష్ట్రాల్లో వాళ్లను బీసీ-సీలో చేర్చారు, దాని రిజర్వేషన్ ఒక్క శాతం. అందుకని ఆదివారం చర్చికి వెళ్తూనే కాగితాల మీద హిందువులుగా కొనసాగుతున్న ఇళ్లు ఉన్నాయి. ఆ నిర్ణయం వెనక ఉన్న బతుకు భయాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ అలాంటి ఇంట్లో బంధువుల బిడ్డను సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దత్తపత్రం రాయించుకుని తెచ్చుకుంటే, రేపు ఆస్తి తగాదా వచ్చిన రోజున అవతలి వకీలు మొదట లేపేది మతం ప్రశ్నే. తల్లిదండ్రులు హిందువులు కారని రుజువైతే ఆ దత్తపత్రమే చెల్లదు. నష్టపోయేది ఆ బిడ్డే. బాలల న్యాయ చట్టం కింద వచ్చిన ఉత్తర్వుకు ఈ బెడద లేదు, ఎందుకంటే అది ఎవరి మతమూ అడగదు. నెమ్మదిగా నడిచే దారే అయినా బిడ్డకు భద్రత అందులోనే ఉంది.

దిండు గలీబులో బిస్కెట్లు

చట్టం హోదా ఇస్తుంది, పెంపకం నేర్పదు. శిశుగృహ నుంచి నాలుగైదేళ్ల వయసులో వచ్చిన బిడ్డ కొత్త ఇంట్లో మొదటి నెలల్లో ఎలా ఉంటుందో ఆ పని చేసే కౌన్సెలర్లందరికీ తెలుసు. కడుపు నిండా తిని కూడా బిస్కెట్లు దిండు గలీబులో దాచుకుంటుంది. ఇంటికి ఎవరొచ్చినా వెళ్లి ఒళ్లో కూర్చుంటుంది, లేదా ఎవరు దగ్గరికి తీసుకున్నా కొయ్యబారిపోతుంది. రాత్రి దీపం ఆర్పితే నిద్రపోదు. దెబ్బ తగిలినా ఏడవదు, ఏడిస్తే ఎవరో వస్తారన్న అనుభవం ఆమెకు లేదు కాబట్టి. మొదటి బిడ్డను కని పెంచిన తల్లికి ఇవన్నీ మొండితనంగానో అబద్ధాలుగానో కనబడే ప్రమాదం ఉంది. పెద్దదానితో పనికొచ్చిన పద్ధతి చిన్నదానితో ఎందుకు పనికిరావడం లేదని ఆమె విసిగిపోతుంది.

ఇక్కడే బెత్తం ప్రశ్న వస్తుంది. బెత్తం వాడని తండ్రి బిడ్డను ప్రేమించనట్టే అన్న సామెతల గ్రంథపు మాటను మన సంఘాల్లో అక్షరాలా తీసుకునేవాళ్లు తక్కువేం కాదు. ఇద్దరినీ సమానంగా చూస్తున్నామని నిరూపించుకోవడానికి ఇద్దరినీ ఒకేలా కొట్టే తండ్రులూ ఉంటారు. అది సమానత్వం కాదు. ఇల్లు పోతుందన్న భయం ఎరగని బిడ్డకు దెబ్బ ఒక శిక్ష. అప్పటికే ఒక ఇల్లు పోగొట్టుకున్న బిడ్డకు అదే దెబ్బ మళ్లీ పంపించేస్తారన్న కబురు. సమానంగా ఉండవలసింది ఇంట్లో స్థానం. పెంచే తీరు ఎవరి అవసరాన్ని బట్టి వాళ్లకు మారాలి. ఇద్దరు కన్నపిల్లల్లో ఒకరికి ఆస్తమా ఉంటే ఇద్దరికీ ఇన్‌హేలర్ పట్టించం కదా.

పిల్లలు ఇలా ఉండడానికి రక్తం కారణం కాదనడానికి బలమైన ఆధారం ఉంది. 1989లో చౌసెస్కూ పాలన కూలాక రొమేనియా అనాథాశ్రమాల నుంచి బ్రిటన్ కుటుంబాలు దత్తత తీసుకున్న 165 మంది పిల్లలను మానసిక వైద్యుడు మైకేల్ రట్టర్ బృందం పెద్దవాళ్లయ్యేదాకా గమనిస్తూ వచ్చింది. ఆరు నెలల వయసులోపు ఆశ్రమం నుంచి బయటపడ్డ పిల్లలు ఇతర పిల్లల్లాగే ఎదిగారు. అంతకన్నా ఎక్కువ కాలం ఆ దుర్భర స్థితిలో గడిపినవాళ్లలోనే ఏకాగ్రత, స్నేహసంబంధాల చిక్కులు ఎక్కువగా మిగిలాయి, వాళ్లలోనూ ఏ ఇబ్బందీ లేకుండా ఎదిగినవాళ్లు ఉన్నారు. అందరిదీ రొమేనియా రక్తమే. తేడా తెచ్చింది ఆలనాపాలనా లేకుండా గడిచిన కాలం. "ఎవరి రక్తమో, ఏ బుద్ధులొస్తాయో" అని గుసగుసలాడే బంధువులకు ఇంతకంటే సూటి జవాబు ఉండదు.

కన్నబిడ్డ మాట కూడా వినాలి

ఈ కథలో అందరూ మరచిపోయేది ముందునుంచీ ఉన్న బిడ్డను. మన చట్టం మరచిపోలేదు. దత్తత దరఖాస్తుకు జతచేయాల్సిన కాగితాల్లో ఇంట్లో ఐదేళ్లు దాటిన పిల్లల సమ్మతి కూడా ఒకటి. చాలా ఇళ్లలో అది సంతకం తంతుగా ముగుస్తుంది. తమ్ముడు కావాలని ప్రార్థన చేసిన పిల్లవాడు, తమ్ముడొచ్చిన మూడో వారానికి "వీణ్ని ఎప్పుడు పంపిస్తారు" అని అడగడం మామూలే. కడుపున పుట్టిన తమ్ముడి మీద కూడా పిల్లలు అదే అంటారు, మనం నవ్వుకుంటాం. తమ్ముడు దత్తబిడ్డ అయితే మాత్రం అదే మాట పాపంలా వినబడుతుంది. "వాడికి ఎవరూ లేరు, నీకు జాలి లేదా, యేసయ్య ఏమనుకుంటాడు" అని పెద్దవాడి నోరు మూయిస్తాం. దాంతో ఇద్దరికీ అన్యాయం జరుగుతుంది. పెద్దవాడి అసూయకు చోటు లేకుండా పోతుంది. చిన్నవాడు తన అన్న దృష్టిలో అన్నదమ్ముల పోట్లాటకు కూడా నోచుకోని అతిథి అవుతాడు. బొమ్మ కోసం కొట్టుకునే హక్కు ఇద్దరికీ ఉండాలి. తీర్పు చెప్పేటప్పుడు బొమ్మ ఎవరిదో చూడాలి గానీ ఎవరు ఎక్కడ పుట్టారో కాదు.

కోపంలో "నువ్వు మా అమ్మకు పుట్టలేదు" అన్న మాట ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఆ రోజు ఇల్లు కూలకుండా ఉండాలంటే ఆ సమాచారం అప్పటికే ఇద్దరికీ మామూలు సంగతై ఉండాలి. పిల్లకు ఊహ తెలియక ముందునుంచే, నిద్రపుచ్చే కథల్లో, ఆమె ఇంటికి వచ్చిన రోజు ఫొటోలతో చెబుతూ వస్తే అది రహస్యం కాదు, ఆయుధమూ కాదు. పెళ్లి వయసులో ఎవరో చెబితే తెలిసినవాళ్లకు మాత్రం తల్లిదండ్రుల ప్రతి మాటా అబద్ధంగా కనబడుతుంది.

> ■ ఇప్పటికే పిల్లలున్న దంపతులకు
>
> ఇద్దరు లేదా అంతకు మించి పిల్లలున్నవాళ్లకు ప్రత్యేక అవసరాలున్న పిల్లలను, సులువుగా కుటుంబం దొరకని పిల్లలను మాత్రమే చూపిస్తారు. బంధువుల బిడ్డల దత్తతకు, సవతి బిడ్డల దత్తతకు ఈ షరతు లేదు.
>
> దంపతులకు కనీసం రెండేళ్ల స్థిరమైన వైవాహిక జీవితం ఉండాలి. బిడ్డకూ తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరికీ మధ్య వయసు తేడా 25 ఏళ్లకు తగ్గకూడదు.
>
> హిందూ దత్తత చట్టం ప్రకారం కొడుకు ఉన్నవాళ్లు కొడుకును, కూతురు ఉన్నవాళ్లు కూతురిని దత్తత చేసుకోలేరు. బాలల న్యాయ చట్టంలో ఈ నిషేధం లేదు.
>
> ఇంటికి వచ్చాక రెండేళ్ల పాటు ఆరు నెలలకొకసారి సామాజిక కార్యకర్త వచ్చి బిడ్డను చూసి నివేదిక ఇస్తారు.

సాక్ష్యం ఎవరిది?

క్రైస్తవ కుటుంబాలకే ప్రత్యేకమైన ఒక చిక్కు సాక్ష్యం. దేవుడు తమ జీవితంలో చేసిన మేలును సంఘం ముందు నిలబడి చెప్పడం మన ఆరాధనలో అందమైన ఆచారం. దత్తత తీసుకున్న తల్లిదండ్రులు కూడా చెబుతారు, హృదయం నిండి చెబుతారు. ఆ ప్రవాహంలో బిడ్డ ఏ ఆస్పత్రి బయట దొరికింది, కన్నతల్లి వయసెంత, ఏ జబ్బుతో వచ్చింది అన్నీ మైకులో వినబడతాయి. ఆ వివరాలు తల్లిదండ్రులవి కావు, బిడ్డవి. రేపు సండే స్కూల్లో పక్కన కూర్చునే పిల్లలకు ఆమె గురించి ఆమెకన్నా ఎక్కువ తెలిసి ఉంటుంది. పాస్టర్లు ఒక మాట ముందే చెబితే సరిపోతుంది: మీకు కలిగిన సంతోషం చెప్పండి, పాప గతాన్ని పాపకు వదిలేయండి. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపును మీడియాలో బయటపెట్టకూడదని బాలల న్యాయ చట్టమే అంటున్నప్పుడు, విరాళాల కోసం ఫేస్‌బుక్‌లో పిల్లల మొహాలు పెట్టడం మానుకోవడం సంఘాలకు పెద్ద పని కాదు.

అభ్యంతరాలు ఉన్నాయి

దీనికి ఎదురొచ్చే వాదనల్లో గట్టిది ఒకటి ఉంది. పిల్లల్లేనివాళ్లు 30 వేల మంది వరుసలో ఉండగా, సొంత పిల్లలున్నవాళ్లు మరో బిడ్డను తీసుకోవడం స్వార్థం కాదా? ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ గురించి అయితే ఈ ప్రశ్న సరైనదే. నిబంధనలు కూడా ఇద్దరు పిల్లలున్నవాళ్లను ఆ వరుసలోంచి తప్పించాయి. కానీ ఆ వరుసలో ఎదురు చూస్తున్నవాళ్లలో ఎక్కువమందికి కావలసింది రెండేళ్లలోపు పాప. ఎనిమిదేళ్ల పిల్లవాడు, విడదీయకూడని ముగ్గురు తోబుట్టువులు, గుండెకు రంధ్రం ఉన్న బిడ్డ, వినికిడి లేని బిడ్డ, వీళ్లకు వరుస లేదు. పిల్లలను పెంచిన అనుభవం, ఇంట్లో మరో పిల్ల సందడి ఉన్న కుటుంబాలు ఎవరికైనా అవసరమంటే వీళ్లకే. అలాంటి బిడ్డ వచ్చిన ఇంట్లో కృతజ్ఞత ఆశించడం మరింత అన్యాయం. ఆ బిడ్డ ప్రేమను తిరిగి ఇవ్వడం నేర్చుకోవడానికే ఏళ్లు పట్టొచ్చు.

రెండోది మతానికి సంబంధించినది. దత్తత పేరుతో పిల్లలను క్రైస్తవులుగా మారుస్తున్నారన్న అనుమానం మన సమాజంలో ఉంది. దాన్ని కోపంతో కొట్టిపారేయడం తేలిక. నిజానికి కారా పద్ధతిలో మామూలు వరుసలో ఉన్న దంపతులు బిడ్డను ఎంచి తెచ్చుకోవడానికి వీల్లేదు. నమోదు క్రమాన్ని బట్టి బిడ్డ వివరాలు వాళ్లకు వస్తాయి, ఇంటి పరిశీలన నివేదిక ఉంటుంది, కలెక్టరు ఉత్తర్వు ఉంటుంది. ఆ తరవాత ఏ ఇంటి బిడ్డ ఆ ఇంటి ప్రార్థన నేర్చుకుంటుంది, హిందూ ఇంటికి వెళ్లిన బిడ్డ దీపం పెట్టడం నేర్చుకున్నట్టే. అయితే అనుమానానికి ఆస్కారమిచ్చేవాళ్లు లేరని కాదు. బిడ్డను రక్షించిన ఆత్మగా వేదిక మీద చూపించుకునే ఇల్లు ఆ ఆరోపణకు తానే సాక్ష్యం ఇస్తుంది. కన్నకొడుకు పద్దెనిమిదేళ్లకు చర్చి మానేస్తే తల్లి ఏడ్చి ఊరుకుంటుంది. దత్తపుత్రుడు మానేసినా అంతే జరగాలి. "ఇందుకా నిన్ను తెచ్చుకున్నది" అన్న మాట అక్కడ రాకూడదు.

మూడో అభ్యంతరం మృదువైనది, చాలామంది మంచివాళ్లు అడిగేది. కృతజ్ఞత మంచి గుణమే కదా, పిల్లలకు నేర్పితే తప్పేముంది? తప్పు లేదు, ఇద్దరికీ నేర్పితే. అన్నం పెట్టిన అమ్మకు థాంక్స్ చెప్పడం అక్కకూ చెల్లెలికీ ఒకటే పాఠం. ఇల్లు దొరికినందుకు కృతజ్ఞత చెప్పమని అక్కను ఎవరూ అడగరు. చెల్లెలినీ అడగకూడదు. తన మూలాలు తెలుసుకోవడానికి పద్దెనిమిదేళ్లు నిండాక సొంతంగా దరఖాస్తు చేసుకునే వీలు నిబంధనల్లోనే ఉంది. ఆ రోజు ఆమె కన్నతల్లి గురించి అడిగితే, పెంచిన తల్లి తన మేలు గుర్తులేదా అని బాధపడకుండా ఉండడానికి ఇరవై ఏళ్ల సాధన కావాలి.

పెళ్లిచూపుల నాడు

ఇల్లు ఎంత సరిగ్గా ఉన్నా సంఘం చేతుల్లో ఒక ఘట్టం మిగిలి ఉంటుంది. క్రీస్తులో కులం లేదని ప్రతి ఆదివారం వింటాం. మాట్రిమోనీ ప్రకటనల్లో మాత్రం క్రిస్టియన్ మాల, క్రిస్టియన్ మాదిగ, క్రిస్టియన్ కమ్మ, క్రిస్టియన్ రెడ్డి అని స్పష్టంగా అచ్చవుతూనే ఉంది. శిశుగృహలో దొరికిన బిడ్డకు కులం ఎవరికీ తెలియదు. అక్కకు సంబంధాలు చర్చి మెట్ల మీదే మాట్లాడుకుని వచ్చినవాళ్లు, అంతే చదివిన, అంతే భక్తిగా పెరిగిన చెల్లెలి విషయానికి వచ్చేసరికి "పుట్టుక తెలియదు కదండీ, మా పెద్దవాళ్లు ఒప్పుకోరు" అంటారు. పుట్టినరోజు నాడు ఆ పిల్ల అదృష్టాన్ని మెచ్చుకున్నవాళ్లలోనూ ఈ మాట అనేవాళ్లు ఉంటారు. సొంత కూతురితో సమానంగా పెంచామని తల్లిదండ్రులు ఎంత గట్టిగా నమ్మినా, ఆ ఒక్క జవాబు ఇరవై ఏళ్ల పెంపకాన్ని ప్రశ్నలో పెడుతుంది. భారత క్రైస్తవ వివాహ చట్టం కింద రిజిస్టరులో నమోదయ్యేది తండ్రి పేరు. పెంచిన తండ్రి పేరే అక్కడ రాయడానికి 63వ సెక్షన్ దారి చేసింది. కులం గడి ఆ పుస్తకంలో లేదు. సంఘపెద్దలు సంబంధాలు చూసేటప్పుడు కూడా ఆ గడి తీసేయాలని పాస్టర్లు వేదిక మీదనుంచి పేరు పెట్టి చెప్పాలి. తమ సొంత కొడుకుల విషయంలో ముందు పాటించి చూపాలి. అంతవరకూ ఆ ఇంట్లో అక్కకూ చెల్లెలికీ మధ్య తేడా చూపుతున్నది తల్లిదండ్రులు కాదు, వాళ్లు ప్రతివారం చేతులు కలిపి ప్రార్థన చేసే సంఘమే.